నాలుక కింది మాత్ర

నేను ప్రాక్టీసు మానేసి చాలా కాలమైంది. అయినా బందరులో కొత్తగా చేరిన కుర్ర డాక్టర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి కూర్చుంటారు. కాఫీ ఒక కారణం, నా నోరు ఇంకో కారణం. "స్కాన్ లేకుండా పక్షవాతానికి వైద్యం ఎలా చేసేవారండీ మేడమ్?" అని అడుగుతారు. కరెంటు లేని రోజుల్లో ఎలా బతికారని తాతమ్మని అడిగే గొంతు అది. స్కాన్ బెజవాడలో ఉండేదనీ, వెళ్ళగలిగినవాళ్ళు వెళ్ళేవాళ్ళనీ, మిగిలినవాళ్ళని చూసి, తాకి, అడిగి తెలుసుకునేవాళ్ళమనీ చెబుతాను. మర్యాదగా తలాడిస్తారు. నమ్మరు.

అందుకే రాస్తున్నాను. ఎక్కడ చదివాను, ఏ హోదాలో దిగిపోయాను అనేవాటితో మీకు పని లేదు, నాకూ లేదు. తొంభైల్లో, ఆ తర్వాత కొన్నేళ్ళలో నాకు పని నేర్పినవాళ్ళ గురించి చెబుతాను. ఒకరు మా పెద్ద డాక్టరు గారు. ఇంకొకరు దివిసీమలో చేపల బేరం చేసుకునే ఒక భార్యాభర్త. వాళ్ళ మధ్యలో ఒక మాత్ర, ఆ మాత్రలోంచి పుట్టే ఒక వాయువు ఉన్నాయి.

స్టూలు

నేను పని నేర్చుకున్నది గుడివాడలో, విశ్వనాథం గారి దగ్గర. తర్వాత ఆయన బందరులో చిన్న నర్సింగ్ హోమ్ పెట్టుకుని నన్నూ రమ్మన్నారు. పొట్టి మనిషి, బట్టతల, ఎప్పుడూ నలిగిన చొక్కా. రౌండ్లకి వచ్చేటప్పుడు ఒక చెక్క స్టూలు మంచం మంచం దగ్గరికీ ఈడ్చుకుంటూ వచ్చేవారు. కిర్రుమనే ఆ చప్పుడు వినగానే పేషెంట్లు దుప్పటి సర్దుకునేవారు. ఆయన నిలబడి మాట్లాడగా నేను చూడలేదు. స్టూలు మీద కూర్చుని, పేషెంటు కళ్ళకి తన కళ్ళు ఎదురుగా వచ్చేలా వంగి, ఏం జబ్బు వచ్చింది, ఏం మందు ఇస్తున్నాం, రేపు ఏం జరగొచ్చు అన్నీ చెప్పేవారు.

మాట పడిపోయినవాళ్ళకి కూడా అంతే ఓపికగా చెప్పేవారు. అక్కడే నాకు చిరాకు. బయట వరండాలో ఓపీ జనం కిక్కిరిసి ఉంటే ఈయన పలకలేని మనిషి దగ్గర కూర్చుని కబుర్లు చెబుతారేమిటని లోపల గొణుక్కునేదాన్ని. ఒకసారి అడిగేశాను.

"సర్, ఆయనకి మాట లేదు కదండీ. ఎవరికి చెబుతున్నారు?"

"మాట పోయిందమ్మా. మనిషి పోలేదు కదా."

పెద్దవాళ్ళ చాదస్తం అనుకున్నాను. ఆ అభిప్రాయం ఎక్కువ రోజులు నిలవలేదు. పట్నం నుంచి పేరున్న నరాల డాక్టరు ఒకాయన మా దగ్గరికి విజిటింగుకి వచ్చారు. మంచం మీద ఉన్నాయనకి కుడి పక్కంతా పడిపోయింది, మాట లేదు. వచ్చినాయన రెప్ప ఎత్తి చూసి, చెయ్యి ఎత్తి వదిలేసి, ఇందులో మిగిలిందేమీ లేదు, తర్వాతి మంచం చూద్దాం అని ఇంగ్లీషులో అన్నారు. పేషెంటుకి అర్థం కాకూడదని ఇంగ్లీషు. పడుకున్నాయనేమో గుడివాడ కాలేజీలో ఉద్యోగమంతా ఇంగ్లీషే చెప్పి రిటైరయిన మాస్టారు. ఆయన కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. విశ్వనాథం గారు స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుని, ఆయన ఎడం చెయ్యి పట్టుకున్నారు. వరండాలోకి వచ్చాక మాత్రం అతిథితో "ఆయన ఇంగ్లీషు మాస్టారండీ" అని ఒక్క మాట అన్నారు. ఆ మధ్యాహ్నం పట్నం డాక్టరు గారు భోజనంలో పెరుగన్నం దాకా ఆగలేదు.

పుస్తకంలో ఉన్నదే ఇది, కాని మంచం దగ్గర మరిచిపోతాం. పక్షవాతంతో మాట పోయినవాళ్ళలో కొందరికి మాటా పోతుంది, ఎదుటివాళ్ళ మాట అర్థం కావడమూ పోతుంది. కొందరికి పలకడం ఒక్కటే పోతుంది, అర్థమవడం మిగులుతుంది. "కళ్ళు మూసుకోండి", "బొటనవేలు చూపించండి" అని అడిగితే ఎవరు ఏ రకమో చాలావరకు తెలిసిపోతుంది. అడగకుండానే తీర్పు చెప్పేసే పెద్ద పెద్ద డాక్టర్లని చాలామందిని చూశాను. వాళ్ళ డిగ్రీల మీద గౌరవం ఉంది కాని వాళ్ళ మీద లేదు.

కాలువ చివరి పొలం

విశ్వనాథం గారికి చదువు పిచ్చి. బెజవాడ వెళ్ళినప్పుడల్లా మెడికల్ పత్రికల జిరాక్సులు తెచ్చుకునేవారు. ఒకసారి తెచ్చిన కట్టంతా నైట్రిక్ ఆక్సైడ్ గురించే. లారీ పొగలో ఉండే వాయువు అది. దాన్ని మన రక్తనాళాల లోపలి పొర కూడా తయారుచేస్తుందని అప్పటికి తేలి కొన్నేళ్ళే అయింది. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. కాగితం తీసుకుని ఒక కాలువ బొమ్మ గీశారు.

ఆయన చెప్పింది ఇది. నాళం గోడ కొంచెం కొంచెంగా ఈ వాయువును తయారుచేసి వదులుతూ ఉంటుంది. దానివల్ల నాళం సడలి, నెత్తురు ధారాళంగా పారుతుంది. అది మంచి గుణం. మెదడులో ఒక నాళం మూసుకుపోయి నెత్తురు అందనప్పుడు, చావబోయే నాడీకణాలు ఇదే వాయువును హద్దూపద్దూ లేకుండా తయారుచేస్తాయి. అప్పుడది మరో చురుకైన పదార్థంతో కలిసి విషంగా మారి, పక్కనున్న కణాలనీ కాల్చేస్తుంది. ఆ తర్వాత వాపుతో వచ్చి చేరే కణాలు కూడా రోజుల తరబడి దాన్నే వదులుతాయి. ఒకే వాయువు. ఎక్కడ పుట్టింది, ఎంత పుట్టింది, ఎప్పుడు పుట్టింది అన్నదాన్ని బట్టి మేలో కీడో అవుతుంది. దాన్ని ఆపే మందు కావాలని కొందరూ, దాన్ని ఇచ్చే మందు కావాలని కొందరూ ఆ పత్రికల్లో వాదించుకుంటున్నారు.

"మనకి ఇందులో పనికొచ్చేది ఏముంది సర్?" అన్నాను.

"గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకోమని ఇస్తామే, ఆ మాత్ర ఒంట్లోకి వెళ్ళి ఇచ్చేది ఈ వాయువునే. ఒంట్లో నాళాలన్నిటినీ ఒక్కసారి వదులు చేస్తుంది. గుండెకి బరువు తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది. రక్తపోటు కూడా పడిపోతుంది. ఇప్పుడు చెప్పు, పక్షవాతం వచ్చిన మనిషికి ఆ మాత్ర ఇస్తే ఏమవుతుంది?"

నేను ఆలోచిస్తుంటే ఆయనే కాలువ బొమ్మ మీద వేలు పెట్టారు. "మీ నాన్నగారు కోర్టు ఉద్యోగి, నీకు వ్యవసాయం తెలియదు. తల కాలువలో మట్టం తగ్గితే మొదట ఎండేది ఎవరి పొలం?"

"చివరి పొలమండీ."

"అదీ. మూసుకుపోయిన నాళం అవతల మెదడులో కొంత భాగం అప్పటికే చచ్చిపోయి ఉంటుంది. దాని చుట్టూ ఇంకొంత భాగం పక్క దారుల్లో వచ్చే కాస్త నెత్తురుతో ప్రాణాలు పట్టుకుని ఉంటుంది. అది చివరి పొలం. దాని కోసమే ఒళ్ళు తనంతట తానే రక్తపోటు పెంచుకుంటుంది. మనం పోటెక్కువగా ఉంది కదా అని కంగారుపడి దించేస్తే ఆ చివరి పొలం ఎండిపోతుంది."

దివిసీమ అంటేనే కాలువల చివర. ఆ బొమ్మ నాకు ఇప్పటికీ గుర్తుంది.

పొడుం డబ్బీ

మా దగ్గరికి వచ్చే పక్షవాతం కేసుల్లో చాలామందికి రక్తపోటు ఎక్కువగానే ఉండేది. నాగాయలంక అవతల సముద్రం వైపు ఒక పల్లె నుంచి వచ్చినవాళ్ళకి మాత్రం తక్కువగా ఉండేది. మొదట నాకు పట్టలేదు. రెండు మూడు సార్లయ్యాక బంధువులని నిలదీశాను. వాళ్ళు గొప్పగా చెప్పారు.

"నాంచారయ్య గారి మాత్ర పెట్టే తీసుకొచ్చామండీ."

నాంచారయ్య ఆ పల్లెలో చేపల బేరం చేసే మనిషి. నాకు పాత పేషెంటే. గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకోమని మాత్రలు రాసిచ్చింది మేమే. వాటిని ఆయన పొడుం డబ్బీలో వేసి మొలతాడుకి కట్టుకుని తిరిగేవాడు. ఒకసారి పడవ లాగుతూ ఒకాయన గుండె పట్టుకుని కూలబడితే డబ్బీ విప్పి ఒక మాత్ర పెట్టాడు. ఆయన లేచి కూర్చున్నాడు. అంతే, ఊళ్ళో ఎవరు కూలబడినా జనం ముందు నాంచారయ్య కోసం పరిగెత్తడం అలవాటైపోయింది. కళ్ళు తిరిగినా, వడదెబ్బ కొట్టినా, నోరు వంకరపోయినా అదే మాత్ర. తర్వాతే ట్రాక్టరో, వ్యానో. ఆయన ఎవరికీ కాదనలేదు. డబ్బీ ఖాళీ అయితే మా దగ్గరికే వచ్చి "మాత్రలు అయిపోయినాయండీ" అనేవాడు. ఇంత తొందరగా ఎలా అయిపోతున్నాయని అడగాల్సింది మందులిచ్చే కుర్రాడు. వాడికి అలాంటి సందేహాలు రావు.

మంచితనంతో చేసే పనిని మాన్పించడం కష్టం. రెండు మూడు సార్లు మనుషులతో కబురు చేశాను. "డాక్టరమ్మ గారు సరదాకి అన్నారులే" అని తీసిపారేశారట.

తిరుపతమ్మ

ఒక రోజు పొద్దెక్కాక నర్సింగ్ హోమ్ ముందు ఐసు వ్యాను ఆగింది. రొయ్యల ట్రేలు ఒక పక్కకి నెట్టి, మధ్యలో చాప మీద ఒక ఆడమనిషిని పడుకోబెట్టి తెచ్చారు. నాంచారయ్య భార్య తిరుపతమ్మ. చేపల వేలం దగ్గర ఈవిడ గొంతు లేచిందంటే దళారీలు ధర దించడానికి జంకేవారట. ఆ వేలం దగ్గరే కూలిపోయింది. కుడి చెయ్యి, కుడి కాలు లేవడం లేదు. మూతి ఒక పక్కకి జారింది. ఏం అడిగినా ఆవిడ నోట్లోంచి వచ్చేది ఒక్కటే మాట, "ఇదిగో". పెళ్ళయిన దగ్గర్నుంచీ మొగుణ్ణి పిలిచిన మాట అది. అన్ని మాటలూ పోయి అదొక్కటి మిగిలింది.

రక్తపోటు చూశాను. ఆ సమయంలో ఉండాల్సిన దానికన్నా బాగా తక్కువ. తల కింద దిండు తీసేసి, ఉప్పు సెలైను ఎక్కించాం. గ్లూకోజు బాటిల్ పెట్టమని ఆవిడ తమ్ముడు ఏడుకొండలు గొడవ చేశాడు. అది మెదడుకి మంచిది కాదని చెప్పి బయటికి పంపాను. నాంచారయ్య మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాడు.

"ఒక మాత్ర పెట్టానండీ. మూతి సరవ్వలా. ఇంకోటి పెట్టాను. వ్యానెక్కించేటప్పుడు ఇంకోటి పెట్టాను. మంచి పనే చేశానాండీ?"

రేపు చెబుతానని సెలైను చుక్కలు సరిచేశాను. సాయంత్రం విశ్వనాథం గారి గదిలోకి వెళ్ళి కూర్చున్నాను.

"ఏం చెబుతావమ్మా అతనికి?" అన్నారు.

"మాత్ర వల్లే ఇంత పెద్దదయిందని చెప్పాలి కదా సర్. చెప్పకపోతే రేపు ఇంకొకరికి పెడతాడు."

"మాత్ర వల్లే అయిందని నీకు తెలుసా?"

తెలియదు. మాత్ర పెట్టకపోయినా చెయ్యి పోయి ఉండేదేమో. చివరి పొలం ఎండింది మాత్రల వల్లనో, మూసుకుపోయిన నాళం వల్లనో చెప్పే సాధనం ఆ రోజు మా దగ్గర లేదు. ఆ వాయువు మెదడులో ఎప్పుడు కాపాడుతుందో, ఎప్పుడు కాలుస్తుందో పత్రికల్లో రాసేవాళ్ళకే తేలలేదు. అయినా ఒక భర్తకి నీ చేత్తో చేశావని చెప్పడానికి సిద్ధపడిపోయాను. ఆ వయసులో ఖచ్చితంగా మాట్లాడటమే వైద్యం అనుకునేదాన్ని.

"తెలియనిది తెలియదని చెప్పు" అన్నారాయన. "ఇక ముందు చెయ్యకూడనిది మాత్రం గట్టిగా చెప్పు. పక్కకి పిలిచి చెప్పకు. ఆవిడ దగ్గరే చెప్పు. పోయింది ఆవిడ చెయ్యి."

మర్నాడు స్టూలు నేను ఈడ్చుకెళ్ళాను. ముందు తిరుపతమ్మని కళ్ళు మూసుకోమన్నాను. మూసుకుంది. బొటనవేలు చూపించమన్నాను. ఎడం చెయ్యి ఎత్తి చూపించింది. అప్పుడు ఇద్దరికీ చెప్పాను. మెదడులో నెత్తురు దారి మూసుకుపోయిందని, ఇలాంటప్పుడు పోటు దిగితే కాలువ చివర పొలానికి నీళ్ళందనట్టు ఇంకొంత దెబ్బ తగలొచ్చని, ఈ మాత్ర పోటు దించుతుందని చెప్పాను.

నాంచారయ్య ముఖం మాడిపోయింది. "అయితే నేనే చేశానాండీ?"

"నాకు తెలియదు, నాంచారయ్య గారూ. నిజంగా తెలియదు. మాత్ర పెట్టకపోయినా ఇంతే జరిగి ఉండొచ్చు. ఇక మీదట మాత్రం మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా ఆ మాత్ర పెట్టకండి. నోట్లో ఏమీ పెట్టకండి. పక్కకి తిప్పి పడుకోబెట్టి వెంటనే తీసుకురండి. ఆ మాత్ర గుండె నొప్పికి. అదీ మీకు. మీకు నొప్పి వస్తే మీరు పెట్టుకోవాలి."

ఆయన గుడ్డతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. తిరుపతమ్మ ఆయన్ని చాలాసేపు చూసింది. ఎడం చెయ్యి చాచి మొలతాడుకున్న డబ్బీని పట్టుకుంది. లాగేస్తుందనుకున్నాను. కాసేపు అలాగే పట్టుకుని వదిలేసింది. "ఇదిగో" అంది. కోపమో, ఓదార్పో నాకు తెలియలేదు. నేను లేచి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాను.

సగం మాట

నాంచారయ్య ఊరు వెళ్ళి చెప్పని మనిషి లేడట. వేలం దగ్గర, పడవల దగ్గర, రొయ్యల చెరువుల గట్ల మీద, ఎవరు కనపడితే వాళ్ళకి "మాత్ర పెట్టకండర్రా" అని చెప్పాడు. నేను చెప్పింది రెండు ముక్కలు. ఊరంతా తిరిగేసరికి అందులో ఒకటే మిగిలింది. మాత్ర విషం, డాక్టరమ్మ గారు వద్దన్నారు. రెండో ముక్క దారిలో జారిపోయింది. ఎవరికైనా ఏదైనా చెప్పాక, వాళ్ళ నోటితో మళ్ళీ చెప్పించుకోండి. సగమే తిరిగివస్తే మళ్ళీ చెప్పండి. ఎంత ఆలస్యమైనా చెప్పండి.

తిరుపతమ్మ మెల్లగా కోలుకుంది. కర్ర పట్టుకుని కుడి కాలు ఈడుస్తూ నడిచేది. చెయ్యి రాలేదు. మాట రాలేదు. వేలం దగ్గరికి వెళ్ళి కూర్చునేది కాని, వేలంపాటలో బేరమంతా తమ్ముడు ఏడుకొండలు చూసుకునేవాడు. పాపం అక్కకి మతి కూడా పోయిందని ఊళ్ళో అనుకునేవారు. ఆవిడ ముందే అనేవారు.

తర్వాత ఒక వేసవిలో మళ్ళీ అదే ఐసు వ్యాను వచ్చింది. ఈసారి చాప మీద నాంచారయ్య ఉన్నాడు. గుండె పోటు. అదృష్టవశాత్తూ మేం చేయగలిగినంతలో ఉన్నది. ఒళ్ళు చల్లబడి, చెమటతో తడిసి ఉన్నాడు కాని మాట్లాడుతున్నాడు. ఇంజెక్షన్లు అయ్యి, కాస్త స్థిమితపడ్డాక ఏడుకొండలు నా దగ్గరికి వచ్చి చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"ఒక తప్పు జరిగిపోయిందండీ. మా అక్కని ఏమీ అనకండి. ఆవిడకేం తెలవదు."

జరిగింది చెప్పాడు. మధ్యాహ్నం అన్నం దగ్గర నాంచారయ్య గుండె పట్టుకుని ఒరిగిపోయాడు. నోట మాట రాలేదు, డబ్బీ కోసం వేళ్ళతో మొలతాడు తడుముకుంటున్నాడు. మాత్ర విషమని ఏడుకొండలే ఆ డబ్బీ విప్పి లాగేసుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా వద్దొద్దన్నారు. అప్పుడు తిరుపతమ్మ లేచింది. కర్ర కూడా పట్టుకోకుండా గోడ పట్టుకుని వచ్చి, తమ్ముడి చేతిలో డబ్బీ ఎడం చేత్తో పెరుక్కుంది. మూత పళ్ళతో ఊడదీసింది. ఆయన నోరు తెరిచి మాత్ర నాలుక కింద పెట్టింది. ఏడుకొండలు వేలు పెట్టి తీసేయబోతే ఆ వేలు కొరికింది. ఆ వేలికి ఇంకా గుడ్డ కట్టి ఉంది.

"ఆ తర్వాత బావకి నొప్పి కొంచెం తగ్గిందండీ. మరి అది మాత్ర వల్ల కాదేమోలెండి" అన్నాడు.

ఆ మాత్రే ఆయన్ని బతికించిందని నేను రాయను. గుండె పోటుని ఒక్క మాత్ర ఆపలేదు. నొప్పి తగ్గింది, గుండెకి కాస్త బరువు తగ్గింది, బందరు దాకా వచ్చే వ్యవధి దొరికి ఉండొచ్చు. నాకు తెలిసింది అంతే.

నేను తిరుపతమ్మ దగ్గరికి వెళ్ళాను. మొగుడి మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. "అమ్మా, మాత్ర నువ్వే పెట్టావా?" అన్నాను. తల ఊపింది. "మరి నేను పెట్టొద్దన్నాను కదా?"

ఆవిడ నన్ను చూసిన చూపు నేను మరిచిపోలేదు. వేలం దగ్గర తప్పు ధర చెప్పిన దళారీని అలాగే చూసి ఉంటుంది. ఎడం చెయ్యి నాంచారయ్య రొమ్ము మీద వేసి తల ఊపింది. తర్వాత అదే చేత్తో వంకరపోయిన తన మూతిని, ఒళ్ళో పడి ఉన్న తన కుడి చేతిని తాకి, తల అడ్డంగా ఊపింది. గుండె నొప్పికి పెట్టాలి, దీనికి పెట్టకూడదు. ఏడాది కిందట నేను స్టూలు మీద కూర్చుని చెప్పిన రెండు ముక్కలూ, ఒక్కటీ జారకుండా, మాటల్లేకుండా తిరిగి నా చేతిలో పెట్టింది. ఏడుకొండలు నోరు తెరుచుకుని అక్కని చూస్తూ నిలబడిపోయాడు.

విశ్వనాథం గారు అప్పటికి రౌండ్లకి రావడం మానేశారు. ఆయన స్టూలు వార్డు మూల పడి ఉండేది. నర్సులు దాని మీద దూది డబ్బా పెట్టుకునేవారు. తిరుపతమ్మ గోడ పట్టుకుని లేచి, కాలు ఈడ్చుకుంటూ ఆ మూలకి వెళ్ళింది. డబ్బా తీసి కింద పెట్టింది. స్టూలు ఎడం చేత్తో లాక్కుంటూ వచ్చింది. ఆ కిర్రు చప్పుడుకి నాంచారయ్య కళ్ళు తెరిచాడు. స్టూలు ఆయన మంచం పక్కన నిలబెట్టి, దాని మీద అరచేత్తో తట్టి, "ఇదిగో" అని నన్ను చూసింది.

బయట ఓపీ జనం ఉన్నారు. నేను కూర్చుని, ఆయన గుండెకి ఏమైందో ఇద్దరికీ మొదట్నుంచీ చెప్పాను.